వానాకాలం దాటితే నాటు విత్తనం మొలవట్లేదు: విశాఖ మిద్దెతోటల చర్చ

మధురవాడ మిద్దె:
పంపకానికి దాచే ఆనప, వంగ, చిక్కుడు విత్తనాలు ఎండలో బాగానే ఎండుతున్నాయి. సీసాలో పెట్టి దసరాకి తీస్తే సగం కూడా మొలవట్లేదు. లోపం ఎక్కడంటారు?

సీతమ్మధార సీసాలు:
ఎండబెట్టాక ఏం చేస్తున్నారన్నదే అసలు సంగతి. మన ఊళ్ళో వానాకాలం గాలిలో తేమ తరచూ 75 శాతం దాటుతుంది. ఎండిన గింజని పళ్ళెంలో వదిలేస్తే మళ్ళీ చెమ్మ పీల్చుకుంటుంది. అప్పుడు మూత బిగిస్తే చెమ్మకి తాళం వేసినట్టే.

నీడలో, ఫ్యాను కింద, పల్చటి గుడ్డ మీద మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. మిట్టమధ్యాహ్నం శ్లాబు మీద వద్దు, 40 డిగ్రీలు దాటితే మొలక దెబ్బతింటుంది. తర్వాత గుడ్డ సంచిలో గింజలు, వాటి బరువుకి సమానంగా సిలికా జెల్ (చెమ్మ పీల్చే గుళికలు), గాలి చొరని డబ్బాలో వారం రోజులు. జెల్ నీలం నుంచి గులాబీకి మారితే పెనం మీద సన్నసెగన ఆరబెట్టి, చల్లార్చి మళ్ళీ వాడొచ్చు. జెల్ దొరక్కపోతే బియ్యం ఎర్రగా వేయించి, మూతపెట్టి పూర్తిగా చల్లార్చి, గింజలకి రెట్టింపు పోయండి. వేడి బియ్యం తగిలిందా, గింజ పోయినట్టే.

పెందుర్తి పాదు:
ఎండిందో లేదో చూసుకోవడం తేలిక. చిక్కుడు గింజని సుత్తితో కొడితే ముక్కలవ్వాలి, అణిగితే ఇంకా తడి ఉంది. ఆనప గింజ వంగకుండా టక్కున విరగాలి.

చిక్కుడుకి ఇంకో గొడవ ఉంది. కాయ పాదు మీదుండగానే పుచ్చు పురుగు గుడ్లు పెట్టేస్తుంది, సీసా మూత దాన్ని ఆపలేదు. బాగా ఎండిన గింజని గాలి చొరకుండా కట్టి వారం డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. బయటికి తీశాక ఒక రోజంతా మూత తెరవకండి, తెరిస్తే చల్లటి గింజ మీద నీరు పడుతుంది.

గాజువాక ఆనప:
మొలక సరే, రకం నిలబడుతోందా? పక్క మేడ మీద వేరే ఆనప ఉంటే తేనెటీగ కలిపేస్తుంది. ఆ ఏడు కాయ మామూలుగానే ఉంటుంది, తేడా వచ్చే తరంలో బయటపడుతుంది.

ఆనప, బీర పువ్వులు సాయంత్రం విచ్చుతాయి. మధ్యాహ్నమే, విచ్చబోయే ఆడ మొగ్గకి, మగ మొగ్గకి దారం చుట్టండి. ఆడదానికి కింద పిందె ఉంటుంది. సాయంత్రం మగపువ్వు రేకులు తుంచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో రాసి, మళ్ళీ రేకులు మూసి కట్టి తొడిమకి గుర్తు పెట్టండి. మగపువ్వు అదే రకం ఇంకో పాదుది అయితే మంచిది. గుమ్మడి, దోస పొద్దున్నే విచ్చుతాయి కాబట్టి ముందురోజు సాయంత్రమే కట్టాలి.

వంగకి ఇంత పని లేదు. మొగ్గలకి పల్చటి గుడ్డ సంచి తొడిగి రోజూ కొమ్మ తట్టండి. పిందె పడ్డాక సంచి తీసి, కాయ పసుపురంగుకొచ్చేదాకా ఉంచండి.

సీతమ్మధార సీసాలు:
అన్నీ ఒకే ఇంట్లో ఉంచొద్దు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రిజ్ ఉన్నా లేనట్టే. ఒక వాటా పాడేరు వైపు తెలిసినవాళ్ళకి ఇవ్వండి, అక్కడ చల్లదనం ఎక్కువ.

మధురవాడ మిద్దె:
బెండకి పల్లాకు తెగులు (ఆకులు పసుపెక్కే జబ్బు) వస్తే గింజ ఉంచొచ్చా?

పెందుర్తి పాదు:
ఆ వైరస్‌ని తెల్లదోమ మోసుకొస్తుంది, గింజతో రాదు. కానీ తెగులుకి లొంగే గుణం గింజతోనే వస్తుంది. వరసంతా పసుపెక్కినా పచ్చగా నిలబడ్డ మొక్కకి రిబ్బను కట్టండి, దాని కాయలు కూరకి కోయకండి.