కెమెరా దొరికేది ఆషాఢంలో, మిర్చి వచ్చేది మాఘంలో: స్క్రిప్ట్ మార్చాలా, ఆగాలా?

పరకాల పోరడు:

అందరికీ నమస్తే. నాది పరకాల అవతల ఒక ఊరు. హన్మకొండలో పెళ్లి వీడియోల స్టూడియోలో ఎడిటర్‌గా చేస్తున్నాను. షార్ట్ ఫిల్మ్స్ తీసిన అనుభవం ఉంది. ఇప్పుడు గంటన్నర సినిమాకు స్క్రిప్ట్ పూర్తయింది. ఎక్కడ ఇరుక్కున్నానో చెప్తాను, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

కథ చిన్నదే. తండ్రి, కూతురు, ట్రాలీ నిండా మిర్చి బస్తాలు. రాత్రి ఊర్లో బయలుదేరి తెల్లారేసరికి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరతారు, అమ్ముకుని సాయంత్రానికి తిరుగు ప్రయాణం. యార్డు చూసిన రైతు బిడ్డలకు అక్కడ ఏం జరుగుతుందో తెలుసు. పొద్దున జెండా పాట, అంటే మొదటి వేలం, అవుతుంది, ఆ రోజు పై రేటు అక్కడ తేలుతుంది. వెంటనే ఊళ్లకు ఫోన్లు పోతాయి, ‘ఇయ్యాల తేజ రకం ఇంత పలికిందట’ అని. ఆ రేటు దక్కేది మాత్రం ఏ కొద్దిమందికో. మిగతా వాళ్ల దగ్గరికి ఖరీదుదారు వస్తాడు, బస్తా మూతి విప్పించి మోచేతి దాకా చెయ్యి పెడతాడు, అడుగు నుంచి గుప్పెడు కాయ తీస్తాడు. ఒక కాయ విరుస్తాడు, గింజలు రాలతాయి. ‘తేమ ఉంది’ అంటాడు, లేకపోతే ‘తాలు కలిసింది’ అంటాడు, అంటే రంగు పోయిన నాసి కాయ. ఆ ఒక్క మాటకు క్వింటాల్ మీద వేలల్లో తెగిపోతుంది. రైతు ఆ చెయ్యి వైపు చూడడు, ఖరీదుదారు మొహం వైపే చూస్తాడు. మా నాన్న పక్కన నిలబడి చిన్నప్పటి నుంచి నేను చూసింది ఇదే. నా సినిమా మొత్తం ఆ చెయ్యి మీద నిలబడి ఉంది.

నా దగ్గర 7 లక్షలు ఉన్నాయి. నాలుగు నేను దాచుకున్నవి, మూడు మా చిన్నాన్న ఇచ్చాడు. ఇంతకు మించి అప్పు చేయను. అమ్మ పేరు మీద ఉన్న ఎకరంనర జోలికి అసలే పోను. మా స్టూడియో ఓనర్ మంచి మనిషి, కెమెరా, లెన్సులు, లైట్లు పైసా తీసుకోకుండా ఇస్తానన్నారు. ఒకటే మాట, ముహూర్తాలు ఉన్నప్పుడు అడగొద్దు. అంటే ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు వస్తే అవి. నేనూ అప్పుడే ఖాళీ, సీజన్‌లో నాకు నిద్రే ఉండదు.

యార్డు ఎర్రగా నిండేదేమో ఫిబ్రవరి, మార్చిలో. సరిగ్గా మాఘం, ఫాల్గుణం. అప్పుడు మన జిల్లాల్లో ఉన్న ప్రతి కెమెరా ఏదో ఒక పందిట్లో ఉంటుంది. హైదరాబాద్ నుంచి అద్దెకు తేవాలంటే అద్దె, కెమెరాతో వచ్చే అసిస్టెంట్ రోజు బత్తా, రానుపోను, ఇవన్నీ కలిపి నా డబ్బులో పెద్ద ముక్క అక్కడే పోతుంది. తండ్రి పాత్రకు మా పక్క ఊర్లో మల్లన్న కథలు చెప్పే ఒగ్గు కళాకారుడు ఒప్పుకున్నారు. ఆయన మొహంలో ఉన్నది ఏ యాక్టింగ్ స్కూల్లోనూ దొరకదు. ఆయనకూ అప్పుడు తీరదు, ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలు సంక్రాంతి నుంచి ఉగాది దాకా నడుస్తాయి. అది ఆయన ఏడాది తిండి, దాన్ని వదులుకోమని నేనెట్లా అడుగుతాను?

దోస్తులు ఆషాఢంలోనే బస్తాల్లో ఊక నింపి, పైన రెండు దోసిళ్లు మిర్చి పోసి తీయమంటున్నారు. దగ్గరి షాట్లు అట్లా నెట్టుకురావచ్చు. యార్డు మొత్తాన్ని ఎట్లా నింపుతాను? ఇంకొకటి, సీజన్‌లో అక్కడి గాలే వేరు. గేటు దాటగానే ఘాటు గొంతులో పడుతుంది, కళ్లు మండుతాయి. హమాలీలు ముక్కుకు తువ్వాలు కట్టుకుని మోస్తుంటారు, మాట మాటకూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. అది చెప్పి చేయించేది కాదు.

అందుకే అడుగుతున్నాను. కథను ఆషాఢానికి మార్చి రాయాలా, డబ్బు కూడేదాకా ఆగాలా? మారిస్తే కథ చచ్చిపోతుందని భయంగా ఉంది. ఆగితే నేనే ఆగిపోతానని ఇంకా పెద్ద టెన్షన్. ఇట్లాంటి చోట ఇరుక్కుని బయటపడిన వాళ్లు చెప్పండి.

నాటకాల అక్క:

తమ్మీ, ఆషాఢంలో మిర్చి లేదని ఎవరన్నారు నీకు? ఏసీ మిర్చి ఉంది కదా, కోల్డ్ స్టోరేజీలో దాచింది.

నేను హన్మకొండలో నాటకాలు రాసి, పిల్లలతో వేయిస్తుంటాను. మా పుట్టింట్లో మిర్చి వేస్తారు కాబట్టి చెప్తున్నాను. మాఘంలో రేటు పడిపోతే రైతు ఏం చేస్తాడు? చేతిలో ఏమాత్రం పట్టు ఉన్నా తెగనమ్మడు, కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. సరుకు పెట్టినట్టు వాళ్లు బాండు ఇస్తారు. ఆ బాండు మీద అప్పు తెస్తాడు. ఇక అక్కడి నుంచి బస్తాకు అద్దె, అప్పుకు వడ్డీ, రెండూ నడుస్తూనే ఉంటాయి. రోజూ పొద్దున రేటు కనుక్కుంటాడు. జూన్ వస్తుంది, తొలకరి పడుతుంది, పత్తి గింజలు కొనాలి, దున్నిన ట్రాక్టర్‌కు కట్టాలి. ఇక రేటు పెరిగినా పెరగకపోయినా బస్తాలు బయటికి తీయాల్సిందే. నీ తండ్రి పాత్రకు ఇంతకంటే గట్టి బిగింపు ఎక్కడ దొరుకుతుంది? మాఘంలో వచ్చినవాడు రేటు నచ్చకపోతే ఇంకో వారం చూద్దాం అనుకోవచ్చు. ఆషాఢంలో వచ్చినవాడికి ఆ వారం లేదు.

కూతురు సంగతి చూడు. ఆమె తండ్రి వెంట మార్కెట్‌కు ఎందుకు వస్తుందని నీ స్క్రిప్ట్‌లో ఎట్లా రాసుకున్నావో నాకు తెలియదు. ఆషాఢానికి మారిస్తే కారణం దానంతట అదే వస్తుంది. కొత్తగా పెళ్లయిన పిల్ల ఆషాఢానికి పుట్టింటికి వచ్చింది. పెళ్లప్పుడు ‘మిర్చి అమ్మగానే ఇస్తా’ అని తండ్రి బాకీ పెట్టిన డబ్బు ఇంకా ఇవ్వలేదు. శ్రావణంలో ఆమె అత్తగారింటికి తిరిగి పోవాలి. ఆ డబ్బు మాట ఇద్దరూ ఎత్తరు. ట్రాలీ మీద పక్కపక్కన కూర్చుని కూడా ఎత్తరు. నేనైతే ఆ మాటను సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా అనిపించను. వినే వాళ్లకు అర్థమైపోతుంది.

నీ ఖరీదుదారు చెయ్యి ఎక్కడికీ పోదు. స్టోరేజీ నుంచి తీసిన బస్తాలోనూ అదే చెయ్యి పెడతాడు, ‘తేమ పట్టింది’ అంటాడు. అప్పుడు ఆ మాట ఇంకా ఎక్కువ కోస్తుంది, ఎందుకంటే ఇన్ని నెలలు అద్దె కట్టింది సరుకు పాడవకుండా ఉండడానికే.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. పాత స్క్రిప్ట్ తెరిచి నెలల పేర్లు మార్చుకుంటూ పోకు, అతుకులు కనిపిస్తాయి. కోల్డ్ స్టోరేజీల దగ్గర ఒక రోజు కూర్చో, బాండు పట్టుకుని వచ్చే వాళ్లు కౌంటర్ దగ్గర ఏం మాట్లాడుతున్నారో విను. ఆ తర్వాత తెల్లకాగితం మీద మొదటి సీను రాయి.

కాజీపేట సౌండ్:

అక్క చెప్పిన కథ నాకు నచ్చింది. మాఘాన్ని పూర్తిగా వదిలేయమంటే మాత్రం ఒప్పుకోను.

అన్నా, మీరు పెళ్లిళ్ల ఫీల్డ్‌లోనే ఉన్నారు. మంగళవారం ముహూర్తాలు పెట్టరు కదా, యార్డు మాత్రం మంగళవారం నడుస్తుంది. మాఘంలో మంగళవారాలు వాడుకోండి. డైలాగ్ వద్దు, యాక్టర్లు వద్దు, ఒక కెమెరా, ఒక రికార్డర్. యార్డు వైడ్ షాట్లు, వరసలుగా ట్రాలీలు, కాంటాలు, జెండా పాట, మీరు చెప్పిన ఆ దగ్గులు. తండ్రి ‘ఈ రేటుకు ఇవ్వను’ అని బస్తాలు స్టోరేజీకి మళ్లించిన రోజు అది. సినిమా మొదట్లో మూడు నిమిషాలు అదే వస్తుంది. తండ్రిని వీపు వైపు నుంచి చూపిస్తే చాలు, మీ ఒగ్గు కళాకారుడిని ఒక్క పూట అడిగితే రారా? మార్కెట్ కమిటీ ఆఫీసులో అనుమతికి ముందే కాగితం పెట్టుకోండి. నిజం రైతుల మొహాలు దగ్గర నుంచి తీస్తే వాళ్లను అడిగి, సంతకం తీసుకునే తీయండి. రేటు తెగిన క్షణంలో మనిషి మొహం మీద కెమెరా పెట్టడం నాకైతే చేతకాదు.

సౌండ్ విషయం. చిన్న సినిమాకు మొదట పరువు పోయేది ఇక్కడే. జనం కొంచెం గ్రెయిన్ ఉన్న బొమ్మను క్షమిస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. యార్డులో జెండా పాట అరుపులు, ఆ వెంటనే రైతు గొణుగుడు, లెవెల్ పెట్టుకునే టైం ఉండదు. జూమ్ ఎఫ్3 లాంటి 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ దొరికితే అరుపు పగిలిపోదు, గొణుగుడును తర్వాత పైకి తెచ్చుకోవచ్చు. అది బొత్తిగా చిన్న డబ్బా, అరచేతిలో పడుతుంది.

ఆషాఢంలో మీకు రెండు శత్రువులు. ఒకటి రేకుల షెడ్డు మీద వాన. చినుకు మొదలైందంటే చొక్కాకు తగిలించే లాపెల్ మైక్‌లోకి కూడా దూరుతుంది. వాన పడుతున్న సీను వానలోనే పూర్తి చేయండి, సగం అది సగం ఇది పెట్టుకుంటే ఎడిటింగ్‌లో మీరే ఏడుస్తారు. రెండోది కోల్డ్ స్టోరేజీ మోటార్ల రొద. లోపల డైలాగ్ రాయకండి. రొదను మాత్రం రెండు నిమిషాలు విడిగా రికార్డ్ చేసుకోండి, మిక్సింగ్‌లో పనికొస్తుంది. ఇంకో సంగతి, చలిగదిలో నుంచి కెమెరాను అట్లాగే ఉక్కలోకి తెచ్చారంటే లెన్స్ మీద, లోపల కూడా చెమ్మ కమ్ముతుంది. లోపలే జిప్ కవర్‌లో పెట్టి బిగించి, బయటికి తెచ్చాక వేడెక్కేదాకా కవర్ విప్పకండి. ఓనర్ గారి కెమెరా కదా.

పరకాల పోరడు:

అక్కా, మీ జవాబు చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. కూతురు ఎందుకు వస్తుందన్న చోట నేను ‘నాన్నకు ఒంట్లో బాగాలేదు’ అని రాసుకుని ఉన్నాను, ఆ లైన్ ఎప్పుడూ నచ్చలేదు. ఇప్పుడు కొత్త కాగితం మీద మొదలుపెట్టాను. ట్రాలీ మీద ఆ డబ్బు మాట ఎవరూ ఎత్తని సీను ఆరు పేజీలు వచ్చింది.

అన్నా, మంగళవారం సంగతి నా కళ్ల ముందే ఉండి తట్టలేదు. ఓనర్‌ను అడిగాను, సరేనన్నారు.

సినిమా తీశాక ఏంటి అన్నది కూడా ఎవరైనా చెప్తారా? 2023లో బలగం సినిమాను ఊళ్లలో తెరలు కట్టి చూశాం. మా ఊర్లో కూడా ముసలివాళ్లు చివరి దాకా కదలకుండా చూశారు. నా సినిమా కూడా అట్లా ఊరూరా వేయాలని ఉంది. ఇంకో రెండు చిన్న డౌట్లు. తండ్రి పొలం దగ్గర ఎడ్లను తోలే సీను ఒకటి ఉంది, బీడీ తాగే సీన్లు చాలా ఉన్నాయి. వీటికి ఏమైనా ఇబ్బందా?

ఒక సినిమా రిలీజ్ చేసినవాడు:

బ్రదర్, నేను కరీంనగర్ వైపు వాడిని. చిన్న సినిమా తీసి థియేటర్‌లో వేశాను, కాబట్టి డబ్బు సంగతి నేరుగా చెప్తాను.

మన దగ్గర సింగిల్ స్క్రీన్లు చాలావరకు వారం అద్దె పద్ధతి. పెద్ద సినిమా వాళ్లు బేరమాడగలరు, మనల్ని మాత్రం అద్దె ముందు కట్టమంటారు. దాని పైన డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీ, పోస్టర్లు. శుక్రవారం వేస్తే సోమవారానికి తీసేస్తారు, కట్టింది మాత్రం రాదు. బలగం వెనక పెద్ద నిర్మాత ఉన్నారు, అది గుర్తుంచుకోండి. కేరాఫ్ కంచరపాలెం 2018లో కొత్తవాళ్లతో తీసినదే, సురేష్ ప్రొడక్షన్స్ సమర్పణలో విడుదలైంది. సొంతంగా అద్దె కట్టి వేయడానికి మీ 7 లక్షల్లోంచి ఒక్క రూపాయి పక్కన పెట్టొద్దు. ఆ డబ్బు సౌండ్‌కు, మిక్సింగ్‌కు, మంచి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌కు పెట్టండి. మన యాసను హైదరాబాద్‌లో ఎవరికో ఇస్తే ‘తాలు’ అన్న మాటను ఏం చేస్తారో చెప్పలేం, కాబట్టి సబ్‌టైటిల్స్ రాసేటప్పుడు మీరు పక్కనే కూర్చోండి. ముందు ఫెస్టివల్స్‌కు పంపండి. గోవాలో ఏటా నవంబర్‌లో జరిగే ఇఫీ అంతర్జాతీయ ఫెస్టివల్‌తో పాటు ఫిల్మ్ బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు) అనే సినిమాల మార్కెట్ కూడా నడుస్తుంది, అక్కడ పూర్తికాని సినిమాలు కూడా చూస్తారు. అప్పటిదాకా యూట్యూబ్‌లో పెట్టొద్దు, ఆన్‌లైన్‌లో వచ్చేసిన సినిమాను చాలా ఫెస్టివల్స్ తీసుకోవు.

ఊళ్లలో తెర కట్టి వేయాలన్నా అది పబ్లిక్ షోనే, సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. హైదరాబాద్‌లోనే రీజనల్ ఆఫీస్ ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడతారు.

ఎడ్ల సీను ఉంటే యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలి. వాళ్ల ఆఫీసు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. పశువుల డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ కాగితం జతచేయాలి, తీశాక మళ్లీ వాళ్ల ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, కావాలి. అది లేకపోతే సెన్సార్ దగ్గర ఆగిపోతుంది. నా సినిమాలో ఒక మేకపిల్ల సీను ఉండేది, కాగితాల వెనక తిరగలేక తీసేశాను.

బీడీకి అడ్డు లేదు. తెర మీద కనిపించినంతసేపూ కింద హెచ్చరిక పడాలి, సినిమా మొదట్లో, మధ్యలో ఆరోగ్య ప్రకటనలు వేయాలి. 2023 నుంచి ఓటీటీలకు కూడా ఈ రూల్స్ వచ్చాయి. మీ ట్రాలీ సీనులో ఆ కూతురి మౌనం కింద పొగాకు హెచ్చరిక నడుస్తుంటే మీకే బాధగా ఉంటుంది. అక్కడ బీడీ కనిపించకుండా రాయండి, జేబులోంచి తీయనివ్వకండి.

పరకాల పోరడు:

ఎడ్ల సీను తీసేస్తున్నాను. ఈ రోజుల్లో ఆ తండ్రి ట్రాక్టర్ కిరాయికే దున్నిస్తాడు, దానికి బాకీ పడడమే కథకు కావాలి. బీడీ జేబులోనే ఉంటుంది. ఇది చాలా బాగుంది, థాంక్స్ అన్నా.

కాజీపేట అన్నా, వచ్చే మంగళవారం యార్డుకు పోతున్నాను. రికార్డర్ నాకు కొత్త. మీరు తోడు వస్తారా? డీజిల్, టిఫిన్ నావి.

కాజీపేట సౌండ్:

వస్తాను. ఎఫ్3 నా దగ్గర ఉంది, బ్యాటరీలు మీరు తెండి. జెండా పాట కంటే ముందే మైక్ చోటు చూసుకోవాలి, ఆరున్నరకల్లా గేటు దగ్గర ఉండండి.