పుర్రచేతి పిల్లకు గ్లవ్ లేదు, 1955 బ్రూక్లిన్ డాడ్జర్స్ కథ కావాలి

మిర్యాలగూడ పీఈటీ

అందరికీ నమస్తే. మిర్యాలగూడ దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. సాఫ్ట్‌బాల్ చాలా ఏళ్ళ నుంచి ఆడిస్తున్నా, నిరుడు బేస్‌బాల్ కూడా మొదలుపెట్టాను. మా టీమ్‌లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఉంది, పుర్రచెయ్యి. కాలువ గట్టు వైపు నిలబడి విసిరితే బంతి ఒక్క టప్పా పడకుండా హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) దగ్గరికి వస్తుంది, అంత బలం ఆ చేతిలో. కానీ మా దగ్గరున్న గ్లవ్‌లన్నీ కుడిచేత్తో విసిరేవాళ్ళవి, అంటే ఎడమచేతికి తొడుక్కునేవి. దాంతో ఆ పిల్ల బంతి పట్టి, గ్లవ్ విప్పి చంకలో పెట్టుకుని, బంతిని ఎడమచేతిలోకి తీసుకుని విసిరేలోపు అవతలి వాళ్ళు ఇంకో బేస్ దాటేస్తున్నారు.

రెండు వారాలుగా కుడిచేత్తో విసరమని నేర్పిస్తున్నా. పిల్ల ఎదురు చెప్పదు, చెప్పినట్టే చేస్తుంది, కానీ ఆట మొత్తం పోయింది. ఇంట్లో కూడా అన్నం కుడిచేత్తో తిను, కుడిచేత్తో రాయి అని చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారట. ఇప్పుడు గ్రౌండ్‌లో నేనూ అదే మాట అంటున్నానని నాకే మనసొప్పడం లేదు.

మొన్న ఒక సీనియర్ సార్ అమెరికా బేస్‌బాల్ టీమ్ బ్రూక్లిన్ డాడ్జర్స్ గురించి మాటల మధ్యలో "1955లో డాడ్జర్స్ కప్పు కొట్టిందే ఒక పుర్రచేతి వాడి క్యాచ్ వల్ల" అన్నారు. నిజమేనా? ఆ సీజన్ మొత్తం ఎలా సాగింది? మేజర్ లీగ్‌లో వర్ణవివక్ష గోడ బద్దలుకొట్టిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ కూడా అప్పుడు ఆ టీమ్‌లోనే ఉన్నాడు కదా, చివరి మ్యాచ్‌లో ఏం చేశాడు? ఆట రూల్స్ నాకు తెలుసు, ఈ చరిత్ర తెలియదు. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా రాయండి, పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్తాను.

పాలమూరు టు జెర్సీ

సార్ నమస్తే, మాది జడ్చర్ల, పన్నెండేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నా. మీ సీనియర్ సార్ చెప్పింది నిజం. కాకపోతే ఆ క్యాచ్ విలువ తెలియాలంటే దానికి ముందు ఆ టీమ్ ఎన్నిసార్లు ఓడిందో తెలియాలి.

బ్రూక్లిన్ అంటే న్యూయార్క్‌లోనే ఒక భాగం. అదే నగరంలో అవతల బ్రాంక్స్‌లో యాంకీస్. 1941, 1947, 1949, 1952, 1953, ఈ ఐదుసార్లూ డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల మధ్య ఫైనల్) దాకా వచ్చి యాంకీస్ చేతిలోనే ఓడిపోయారు. ప్రతిసారీ మన జిల్లా టీమ్ ఫైనల్‌కి వచ్చి హైదరాబాద్ చేతిలో పోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదీ ఐదుసార్లు. 1951లో అయితే సిరీస్ దాకా కూడా రాలేదు, ప్లేఆఫ్ చివరి ఇన్నింగ్స్‌లో అదే నగరంలోని ఇంకో టీమ్ జెయింట్స్ ఆటగాడు బాబీ థామ్సన్ ఒక్క హోమ్ రన్‌తో వీళ్ళ ఏడాదంతా ముగించేశాడు. "వచ్చే ఏడాది చూద్దాం" అన్నది బ్రూక్లిన్ జనానికి ఊతపదం అయిపోయింది.

1955 సీజన్ మొదలవడమే వరసగా పది గెలుపులు. మొదటి 24 మ్యాచ్‌లలో 22 గెలిచారు. లీగ్ అసలు పోటీ లేకుండా అయిపోయింది, సెప్టెంబర్ 8కే టైటిల్ ఖాయమైంది, చివరికి 98 గెలుపులు 55 ఓటములు. మేనేజర్ వాల్టర్ ఆల్స్టన్, పెద్దగా మాట్లాడని మనిషి. డ్యూక్ స్నైడర్ 42 హోమ్ రన్‌లు కొట్టాడు, క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) రాయ్ కాంపనెల్లా లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. పిచ్చర్ డాన్ న్యూకంబ్ 20 గెలిచి 5 మాత్రమే ఓడాడు, పైగా పిచ్చర్ అయ్యుండి బ్యాట్‌తో 7 హోమ్ రన్‌లు కొట్టాడు. ఈ ఒక్క మాట మీ పిచ్చర్లకు తప్పకుండా చెప్పండి సార్, బ్యాటింగ్ మాది కాదని ఊరుకుంటారు చాలామంది.

ఇంకో సంగతి, సాండీ కోఫాక్స్ ఆ ఏడాదే ఈ టీమ్‌లోకి వచ్చాడు, 19 ఏళ్ళు. అతనూ పుర్రచేతి పిచ్చరే. తర్వాత ఎంత గొప్పవాడయ్యాడో మీకు తెలిసే ఉంటుంది.

ఇక సిరీస్. ఏడింటిలో నాలుగు గెలిచినవాళ్ళకు కప్పు. మొదటి మ్యాచ్‌లో రాబిన్సన్ ఏకంగా హోమ్ ప్లేట్ దొంగిలించాడు, అంటే బంతి ఎవరూ కొట్టకుండానే మూడో బేస్ నుంచి పరిగెత్తి పరుగు తీశాడు, అప్పటికి అతనికి 36 ఏళ్ళు. యాంకీస్ క్యాచర్ యోగి బెర్రా ఔటే అని అంపైర్ మీదికి వెళ్ళి లొల్లి చేశాడు, బతికున్నంత కాలం ఆ మాట వదల్లేదు. ఇంత చేసినా మ్యాచ్ 6-5తో పోయింది. రెండోది 4-2తో పోయింది. జనమంతా మళ్ళీ అదే కథ అనుకున్నారు. అప్పుడు సిరీస్ బ్రూక్లిన్ గ్రౌండ్ ఎబ్బెట్స్ ఫీల్డ్‌కి వచ్చింది, అక్కడ వరసగా మూడు గెలిచారు. ఆరోది మళ్ళీ యాంకీస్ 5-1తో గెలిచారు. ఏడోది అక్టోబర్ 4న, యాంకీ స్టేడియంలో.

మా బిల్డింగ్‌లో ఒక ముసలాయన ఉన్నాడు, బ్రూక్లిన్‌లో పుట్టి పెరిగినవాడు. నేను డాడ్జర్స్ అనగానే లాస్ ఏంజెలెస్ గురించి కాదు కదా అని అడిగి, కాదన్న తర్వాతే మాట్లాడాడు. ఆ టీమ్‌లో ఎవరు ఎక్కడ నిలబడేవారో తొమ్మిది మంది పేర్లూ వరసగా చెప్పాడు.

కోదాడ సాఫ్ట్‌బాల్ అక్క

సార్, నేను పుర్రచెయ్యే. కాలేజీ రోజుల్లో ఔట్‌ఫీల్డ్ ఆడాను. మీ పోస్ట్ చదివి రాత్రి నిద్ర పట్టలేదు, నాతో కూడా ఒక సంవత్సరం కుడిచేత్తో విసిరించారు, ఆ సంవత్సరం నాకు ఆట మీదే విసుగు పుట్టింది. దయచేసి చెయ్యి మార్పించకండి.

ఏడో మ్యాచ్ నేను చెప్తాను. ముందు రాబిన్సన్ సంగతి: ఆ రోజు అతను ఆడనే లేదు. మూడో బేస్‌లో డాన్ హోక్ ఆడాడు. అంత పెద్ద ఆటగాడు బయట కూర్చున్న రోజే బ్రూక్లిన్ గెలిచింది.

పిచ్చర్ జానీ పాడ్రెస్, 23 ఏళ్ళ కుర్రాడు. సీజన్‌లో 9 గెలిచి 10 ఓడాడు, అంటే గెలుపు కంటే ఓటమే ఎక్కువ. కానీ మూడో మ్యాచ్ సరిగ్గా తన పుట్టినరోజున గెలిపించాడు, అందుకే మళ్ళీ అతనికే ఇచ్చారు. అతనూ పుర్రచెయ్యే! నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు, ఆరో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు, రెండూ గిల్ హాడ్జెస్ బ్యాట్ నుంచే వచ్చాయి. బ్రూక్లిన్‌కి 2-0.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి, వీలైతే పిల్లలకు నేల మీద సున్నంతో గీసి చూపించండి. ఆరో ఇన్నింగ్స్‌లో ఇంకా పరుగులు కావాలని ఆల్స్టన్ రెండో బేస్ ఆటగాడు జిమ్మర్‌ని తీసేసి అతని బదులు షూబాని బ్యాటింగ్‌కి పంపాడు. షూబా ఔటైపోయాడు, ఆ ఎత్తు పారలేదు. కానీ రెండో బేస్ ఖాళీ అయింది కదా, అక్కడికి లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉన్న గిలియమ్‌ని తెచ్చారు, గిలియమ్ స్థానంలోకి క్యూబా నుంచి వచ్చిన సాండీ అమొరోస్‌ని దింపారు. గిలియమ్ కుడిచేత్తో విసిరేవాడు, అమొరోస్ ఎడమచేత్తో.

యాంకీస్ ఆరో ఇన్నింగ్స్. ఇంకా ఒక్కరూ ఔట్ కాలేదు, రెండో బేస్‌లో బిల్లీ మార్టిన్, మొదటి బేస్‌లో మెక్‌డూగల్డ్. బ్యాటింగ్ యోగి బెర్రా. బెర్రా ఎడమవాటం బ్యాటర్, బంతిని కుడివైపుకే ఎక్కువ లాగుతాడని ఫీల్డర్లంతా అటు జరిగి ఉన్నారు. ఆయన కొట్టింది మాత్రం లెఫ్ట్ ఫీల్డ్ గీత వైపు, గోడ దగ్గర మూలకి. అమొరోస్ అక్కడి నుంచి పరిగెత్తి పరిగెత్తి, చివర్లో కుడిచెయ్యి చాపాడు, బంతి గ్లవ్‌లో పడింది. ఆ గీత అతనికి కుడివైపు, గ్లవ్ ఉన్నది కుడిచేతికి. అదే గ్లవ్ ఎడమచేతికి ఉంటే ఒంటికి అడ్డంగా చెయ్యి తిప్పి అందుకోవాలి, ఆ ఒక్క మూరెడు దూరం అందదు. పిల్లలు నమ్మకపోతే రెండు రకాలుగా పరిగెత్తించి చూపించండి, వెంటనే అర్థమవుతుంది.

అక్కడితో అయిపోలేదు. బంతి పట్టగానే తిరిగి షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడేవాడు) రీస్‌కి విసిరాడు, రీస్ మొదటి బేస్‌లో హాడ్జెస్‌కి విసిరాడు. క్యాచ్ పడితే రన్నర్ తన బేస్‌కి తిరిగి రావాలి కదా, క్యాచ్ పడదనుకుని మెక్‌డూగల్డ్ చాలా ముందుకి వెళ్ళిపోయాడు, వెనక్కి రాలేక ఔట్. రెండు పరుగులు వచ్చి స్కోరు సమం కావాల్సిన చోట రెండు వికెట్లు పోయినట్టయింది. తర్వాత యాంకీస్ పరుగు తీయలేకపోయారు. పాడ్రెస్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ ఒక్కడే వేశాడు. ఎనిమిది హిట్లు ఇచ్చాడు, ఒక్క పరుగు ఇవ్వలేదు. సిరీస్‌లో మేటి ఆటగాడి బహుమతి ఆ ఏడాదే మొదలైంది, అది అతనికే వచ్చింది.

కొల్లాపూర్ పెద్దాయన

అమ్మా చాలా బాగా చెప్పావు. ఒక్క మాట కలుపుతాను. ఆ టీమ్‌కి బ్రూక్లిన్‌లో ఉన్నన్నాళ్ళూ వచ్చిన కప్పు అదొక్కటే. 1957 సీజన్ అయిపోగానే టీమ్‌ని లాస్ ఏంజెలెస్‌కి తీసుకుపోయారు, 1960లో ఎబ్బెట్స్ ఫీల్డ్‌ని కూల్చేశారు. జెర్సీ తమ్ముడు చెప్పిన ముసలాయన ఎందుకట్లా అడిగాడో నాకు అర్థమైంది. మాది శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. గుళ్ళను రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్ళీ కట్టారు కానీ మేం కబడ్డీ ఆడిన జాగా నీళ్ళ కిందే ఉంది. ఎండాకాలం కృష్ణ తగ్గినప్పుడు పోయి చూస్తుంటాను. ఆ ఊరి టీమ్‌లో ఎవరు ఏ పక్క నిలబడేవారో నేను కూడా ఇప్పటికీ వరసగా చెప్పగలను.

మిర్యాలగూడ పీఈటీ

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఈ రోజు సాయంత్రం అక్క చెప్పినట్టే సున్నంతో గీసి, నేను బంతి కొడుతూ ఒక్కొక్కరినీ గీత వైపు పరిగెత్తించాను. ఆ పిల్లకి గ్లవ్ లేకుండా ఒట్టి కుడిచేత్తో అందుకోమన్నాను, టెన్నిస్ బంతితో. ఐదింటిలో నాలుగు పట్టింది. ఇక చెయ్యి మార్చుకోవద్దని అందరి ముందూ చెప్పేశాను, వాళ్ళ నాన్నతో కూడా మాట్లాడాను. ఇప్పుడు గ్లవ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, మా దగ్గర షాపుల్లో అడిగితే తెప్పించాలంటే నెల పడుతుందంటున్నారు, సెలెక్షన్స్ అంతకంటే ముందే ఉన్నాయి. ఆమెను ఎక్కడ ఆడించాలో కూడా చెప్పండి.

కోదాడ సాఫ్ట్‌బాల్ అక్క

కొనకండి సార్, నాది ఉంది. 12 అంగుళాలది, సాఫ్ట్‌బాల్ గ్లవ్ కాబట్టి పాకెట్ కొంచెం పెద్దది, ఔట్‌ఫీల్డ్‌కి ఏం ఇబ్బంది ఉండదు. తోలు ఎండిపోయింది, కాస్త వాజలిన్ పలచగా రాసి, లోపల బంతి పెట్టి తాడుతో గట్టిగా కట్టి రెండు రాత్రులు ఉంచండి, మెత్తబడుతుంది. ఔట్‌ఫీల్డ్‌లోనో మొదటి బేస్‌లోనో ఆడించండి. రెండో బేస్, షార్ట్‌స్టాప్, మూడో బేస్ వద్దు, అక్కడ పుర్రచేతి వాళ్ళు విసరాలంటే ఒళ్ళంతా తిప్పాలి, టైమ్ పోతుంది. రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తాను, మిర్యాలగూడ బస్టాండ్‌లో తీసుకోండి. ఫోన్ నంబర్ ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి.

మిర్యాలగూడ పీఈటీ

మెసేజ్ చేశాను అక్కా. నేనొక్కణ్ణే కాదు, పిల్లని కూడా బస్టాండ్‌కి తీసుకొస్తాను, పార్సిల్ తనే విప్పుతుంది.