వార్గెట్ లేదు, మామూలు లార్జ్ రైఫిల్ ప్రైమర్లు లేవు: .308 రీలోడింగ్‌కి ఉన్నవాటిలో ఏం కొనాలి?

గురి_డాలస్
డాలస్ చుట్టుపక్కల స్పోర్టింగ్ గూడ్స్ షాపుల్లో రీలోడింగ్ (కాల్చిన తూటా కేసుల్ని మళ్ళీ నింపుకోవడం) అరలు మళ్ళీ బోసిపోయాయి. బోల్ట్ యాక్షన్ .308 రైఫిల్‌కి నా పాత లెక్క: 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్, 43 గ్రెయిన్ల వార్గెట్ పౌడర్, దాన్ని అంటించడానికి సీసీఐ 200 ప్రైమర్. బుల్లెట్లు, బ్రాస్ (ఖాళీ కేసులు) దండిగా ఉన్నాయి. అరలో కనిపిస్తున్నవి మాత్రం సీసీఐ 250 మాగ్నమ్ ప్రైమర్లు, పౌడర్లలో హెచ్ 4895 ఒక డబ్బా, సీఎఫ్‌ఈ 223 రెండు డబ్బాలు. వీటితో పని జరుగుతుందా? వార్గెట్ వచ్చేదాకా ఆగడం మేలా? ఆన్‌లైన్‌లో కొంటే గిట్టుబాటు అవుతుందా?

పాత_బ్రాస్
వార్గెట్ కోసం ఆగితే ఎన్నాళ్ళు ఆగాలో ఎవరూ చెప్పలేరు. డబ్బా మీద అమెరికన్ కంపెనీ హాడ్జ్‌డన్ పేరున్నా అది తయారయ్యేది ఆస్ట్రేలియాలోని ముల్వాలా ఫ్యాక్టరీలో. హెచ్ 4895, హెచ్ 4350 కూడా అక్కడివే. అందుకే ఇవన్నీ ఒకేసారి మాయమై ఒకేసారి తిరిగొస్తాయి. పైగా ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 155 మి.మీ. ఫిరంగి గుండ్ల మందుకి నైట్రోసెల్యులోజ్ విపరీతంగా కావాల్సి వచ్చింది. మన పౌడర్‌కీ ముడిసరుకు అదే. సైన్యం ఆర్డర్లు తీరాకే మన వంతు.

సీఎఫ్‌ఈ 223 దారి వేరు, అది ఫ్లోరిడాలోని సెయింట్ మార్క్స్‌లో తయారయ్యే బాల్ (గుండ్రటి గింజల) పౌడర్. బాల్ పౌడర్ అంటుకోవడానికి కాస్త గట్టి నిప్పు కావాలి, మాగ్నమ్ ప్రైమర్ ఇచ్చేది అదే. అంటే ఎవరూ ముట్టుకోకుండా వదిలేసిన ఆ రెండూ ఒకదానికొకటి సరిజోడు! లోపం ఒక్కటే. వేడికి దీని వేగం వార్గెట్ కన్నా ఎక్కువగా మారుతుంది. జనవరిలో గరిష్ఠానికి దగ్గరగా నింపిన తూటా టెక్సాస్ ఆగస్టు ఎండలో ప్రెషర్ దాటిపోవచ్చు. లోడ్‌ని ఎండాకాలంలోనే పరీక్షించండి. తూటాల డబ్బా కారు డాష్‌బోర్డ్ మీద పెట్టొద్దు.

ఇక 43 అన్న అంకెని మర్చిపోండి. హెచ్ 4895 వార్గెట్ కన్నా కొంచెం త్వరగా మండుతుంది, అదే బరువు వేస్తే ప్రెషర్ పెరుగుతుంది. హెచ్ 4895, ఐఎంఆర్ 4895 కూడా ఒకటి కావు, పేరు చూసి మోసపోవద్దు. హాడ్జ్‌డన్ డేటాలో మీరు కొనే పౌడర్‌కి, మీ బుల్లెట్ బరువుకి ఇచ్చిన స్టార్టింగ్ లోడ్‌తోనే (మొదట వేయాల్సిన తక్కువ బరువు) మొదలుపెట్టండి. అక్కడి నుంచి అర గ్రెయిన్ చొప్పున పెంచుతూ మెట్టుకి ఐదేసి తూటాలు చేయండి. బోల్ట్ లేపడం బరువైనా, కేస్ అడుగున ఎజెక్టర్ ముద్ర మెరిసినా, క్రోనోగ్రాఫ్‌లో (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) ఆ డేటా చెప్పిన గరిష్ఠ వేగం దాటినా అక్కడికి ఆపేయండి. ప్రైమర్ చదునుగా అవ్వడాన్ని మాత్రం ఒంటరి సాక్షిగా నమ్మలేం, కొన్ని బ్రాండ్ల ప్రైమర్లు మామూలు ప్రెషర్‌కే చదునవుతాయి.

బ్రిక్_లెక్క
ఆన్‌లైన్ సంగతి లెక్క వేసి చూడండి. ప్రైమర్లు, పౌడర్ పార్శిల్‌కి హాజ్‌మాట్ (ప్రమాదకర సరుకు) ఫీజు ఉంటుంది. అది 40 డాలర్లు అనుకుందాం. వెయ్యి ప్రైమర్ల బ్రిక్ ఒక్కటే తెప్పిస్తే ఒక్కోదాని మీద 4 సెంట్లు పడుతుంది. 5,000 ప్రైమర్ల పెట్టె తెప్పిస్తే సెంటు కూడా పడదు. కాబట్టి ఒక బ్రిక్ కోసమైతే షాపే నయం, పెట్టె అయితే ఆన్‌లైన్.

ఇంకో పొరపాటు, దొరికింది దొరికినట్టు కొనేయడం. పౌండుకి 7,000 గ్రెయిన్లు. 43 చొప్పున వేస్తే 162 తూటాలు, 8 పౌండ్ల జగ్గుకి దాదాపు 1,300. ఐదువేల ప్రైమర్లు, ఒక పౌండ్ పౌడర్ పెట్టుకుని కూర్చుంటే దేనికీ పనికిరాదు.

దాచే పరిమితులు కూడా చూసుకోండి. ఎన్‌ఎఫ్‌పీఏ 495 (అమెరికా అగ్నిభద్రతా ప్రమాణం) ప్రకారం ఇంట్లో 10,000 ప్రైమర్ల వరకు, అసలు డబ్బాల్లోనే 20 పౌండ్ల పౌడర్ వరకు. పౌడర్ అంతకు మించితే 50 పౌండ్ల వరకు అంగుళం మందం చెక్కపెట్టెలో ఉంచాలి. మీ ఊరి ఫైర్ కోడ్, అపార్ట్‌మెంట్ లీజు ఇంకా బిగువుగా ఉండొచ్చు. స్నేహితులతో కలిసి జగ్గు కొని సీసాల్లోకి పంచుకోవద్దు. లేబుల్ లేని పౌడర్ ఏదో ఎవరికీ తెలియదు. ప్రైమర్లనైతే అసలు ట్రే నుంచి తీసి గాజు సీసాలో పోయనే కూడదు, ఒకటి పేలితే సీసా మొత్తం పేలుతుంది.

స్మాల్ రైఫిల్ ప్రైమర్లు మాత్రమే దొరుకుతుంటే స్మాల్ ప్రైమర్ పాకెట్ ఉన్న .308 బ్రాస్ కూడా ఉంది. కాకపోతే లాపువా పాల్మా బ్రాస్‌లో ఫ్లాష్ హోల్ (ప్రైమర్ నిప్పు లోపలికి వెళ్ళే రంధ్రం) 1.5 మి.మీ.లే. పాత ప్రైమర్‌ని బయటికి తోసే మామూలు డీక్యాపింగ్ పిన్ అందులో ఇరుక్కుని వంగుతుంది. సన్న పిన్ ముందే కొనండి.

వీసా_సంగతి
చదివే తమ్ముళ్ళ కోసం ఒక మాట. హెచ్-1బి, ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టం తుపాకీనే కాదు, తూటాలనీ నిషేధించింది. ఆ చట్టం నిర్వచనంలో ప్రైమర్, పౌడర్, బుల్లెట్, ఖాళీ కేస్ విడివిడిగా కూడా ‘తూటా’లే. కౌంటర్‌లో ఎవరూ అడగలేదని ధీమా వద్దు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. టెక్సాస్ వార్షిక లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది, కాబట్టి సెప్టెంబర్ 1కి చేతిలో కొత్తది ఉండాలి. గ్రీన్‌కార్డ్ వాళ్ళకి ఈ గొడవ లేదు.

రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగ్‌ని మాత్రం హైదరాబాద్ ప్రయాణానికి వాడకండి. అరలో మిగిలిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి చిక్కితే 1959 ఆయుధ చట్టం కింద కేసే.

పాత_బ్రాస్
దొంగ సైట్లతో కూడా జాగ్రత్త. ఎక్కడా దొరకని ప్రైమర్లు బ్రిక్ 30-35 డాలర్లకి, అంటే 2019 ధరకి, ‘ఇన్ స్టాక్’ అని కనిపిస్తే అనుమానించండి. జెల్ (Zelle), క్రిప్టో తప్ప కార్డు తీసుకోకపోయినా, హాజ్‌మాట్ ఫీజు అడగకపోయినా, డొమైన్ వయసు మూడు నెలలే అయినా ఆ సైట్ మూసేయండి.

గురి_డాలస్
సరే, సీఎఫ్‌ఈ రెండు డబ్బాలు, సీసీఐ 250 ఒక బ్రిక్ తీసుకుంటున్నా. హెచ్ 4895 అక్కడే వదిలేస్తా.

పాత_బ్రాస్
బిల్లు వేయించే ముందు రెండు డబ్బాల మీదా లాట్ నంబర్ ఒకటేనా చూడండి అన్నా. వేరైతే మొదటిది అయిపోగానే రెండోదానికి లోడ్ కొంచెం తగ్గించి, మళ్ళీ పరీక్షించుకోవాలి.