ఫ్రీ బియ్యం 12కి అమ్మి, 50 పెట్టి బియ్యం కొనడం తెలివితక్కువ పనేనా? (బడ్జెట్ రేఖ డౌట్)

నల్గొండ_బీఏ:

బీఏ మొదటి సంవత్సరం. ఎకనామిక్స్‌లో వినియోగదారుని సమతౌల్యం నడుస్తోంది. మొన్న సార్ బోర్డు మీద బడ్జెట్ రేఖ (ఉన్న డబ్బుతో ఏది ఎంత కొనొచ్చో చూపే గీత) గీసి, ప్రభుత్వం ఉచితంగా బియ్యం ఇస్తే అది మధ్యలో విరుగుతుందన్నారు. ఎందుకని అడిగేలోపే బెల్ కొట్టారు.

అంతకంటే పెద్ద డౌట్ ఇంకోటి ఉంది. వినియోగదారుడు హేతుబద్ధంగా ఆలోచిస్తాడు, ఉన్న ఆదాయంతో గరిష్ఠ ప్రయోజనం (అంటే తృప్తి) పొందుతాడు అని పుస్తకంలో రాశారు. మా ఇంట్లో నలుగురం. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల లెక్కన నెలకు 24 కిలోల దొడ్డు బియ్యం వచ్చేవి. దాపరికం ఎందుకు, అందులో 16 కిలోలు మా అమ్మ స్కూటర్ మీద వచ్చే ఒకతనికి కిలో 12 రూపాయలకు ఇచ్చేసేది. తినడానికి కిలో 50 పెట్టి సన్నబియ్యం కొనేది. "12కి అమ్మి 50కి కొనడమా, ఇదేం లెక్కరా?" అని మా ఫ్రెండ్ నవ్వాడు. నాకు సమాధానం తోచలేదు. అమ్మ చదివింది ఏడో తరగతే, కానీ పాలవాడి లెక్కలో రూపాయి తేడా వచ్చినా పట్టేస్తుంది. పుస్తకం తప్పా, అమ్మ తప్పా?

గల్లాపెట్టె_ఎంఏ:

తమ్ముడూ, ఎంఏ ఎకనామిక్స్ చేసి పదిహేనేళ్లుగా కిరాణం దుకాణం నడుపుతున్నాను. ఈ చాప్టర్ పుస్తకంలో కంటే గల్లా దగ్గరే ఎక్కువ అర్థమైంది నాకు.

ముందు మీ ఫ్రెండ్ సంగతి. 12, 50 ఒకే సరుకు ధరలైతే అతను నవ్వడం కరెక్టే. కానీ తినేవాళ్లకు దొడ్డు బియ్యం ఒక వస్తువు, సన్నబియ్యం ఇంకో వస్తువు. కిలో దొడ్డు బియ్యం అమ్మితే 12 చేతికొచ్చాయి, బదులుగా సన్నాలు వండాలంటే 50 పోయాయి. అంటే దొడ్డన్నం మానేసి సన్నన్నం తినడానికి మీ అమ్మ కట్టిన అసలు ధర కిలోకి 38 రూపాయలు. 16 కిలోలకు 608. నువ్వు అన్నం కంచంలో వదిలేసి లేవకుండా తినడం ఆమెకు ఆ 608 కంటే ఎక్కువ, అంతే. ఆ డబ్బు పాలకో, పుస్తకాలకో పెడితే ఇంకా మేలనిపించి ఉంటే దొడ్డు బియ్యమే వండేది.

నువ్వు పట్టించుకోని సంగతి ఒకటుంది. 24లో 16 మాత్రమే అమ్మేదన్నావు. మిగతా ఎనిమిది ఏమయ్యాయి? దోసెల పిండికి అయ్యుంటాయి. దోసెలకు దొడ్డు బియ్యమే బాగుంటాయి కాబట్టి మొదటి కిలోలు ఇంట్లో బాగా అక్కరకొచ్చాయి. ఒక్కో కిలో పెరిగేకొద్దీ అక్కర తగ్గుతుంది. తొమ్మిదో కిలో దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో దాని విలువ 12 రూపాయల కంటే కిందికి పడింది. క్షీణోపాంత ప్రయోజనం అంటే ఇదే. ఎక్కడ ఆపాలో అమ్మకు గ్రాఫ్ లేకుండానే తెలిసింది.

నా దగ్గరికి ఒకామె నెలనెలా ఒక 500 నోటు పట్టుకుని వస్తుంది. కందిపప్పు కిలో అంటుంది. నూనె ధర విన్నాక పప్పు అర్ధకిలో చాలంటుంది. నేను పొట్లం విప్పి మళ్లీ తూస్తాను. చివర్లో ఇంకో ఇరవై మిగిలాయంటే అక్కడ ఆగుతుంది చూడు, వెనక నలుగురు నిలబడ్డా సరే! చాయ్‌పత్తా, పిల్లకు బిస్కెట్లా అని. చివరి రూపాయి ఎక్కడ పెట్టినా ఒకే తృప్తి రావాలని మీ పుస్తకంలో సమోపాంత ప్రయోజనం అని రాసింది ఆ నిమిషం గురించే.

ఇక గ్రాఫ్. 2025 ఏప్రిల్ నుంచి మన తెలంగాణలో రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తున్నారు కాబట్టి దాన్నే తీసుకో. అడ్డంగా బియ్యం కిలోలు, నిలువుగా మిగతా ఖర్చులు. ఇంటి ఖర్చుకు 3000 ఉన్నాయనుకో. ఉచితం లేకపోతే రేఖ నిలువు అక్షం మీద 3000 దగ్గర మొదలై 60 కిలోల దగ్గర దిగుతుంది. ఇప్పుడు 24 కిలోలు ఉచితం. మొదటి 24 కిలోలకు జేబులోంచి పైసా పోదు కాబట్టి రేఖ 3000 ఎత్తులోనే అడ్డంగా 24 దాకా పోతుంది. ఆ తర్వాత కిలోకి 50 చొప్పున దిగుతూ 84 దగ్గర ఆగుతుంది. ఆ మలుపే మీ సార్ చెప్పిన విరుపు.

బియ్యం బదులు 1200 నగదు ఇచ్చారనుకో. రేఖ 4200 నుంచి 84 దాకా విరుపు లేకుండా వస్తుంది. 24 దాటాక రెండు రేఖలూ ఒకటే. మీరు నెలకు 30 కిలోలు తింటే బియ్యమిచ్చినా, డబ్బిచ్చినా మిగతా ఖర్చులకు మిగిలేది 2700. మా దుకాణం పక్కన ముసలవ్వ ఒక్కతే ఉంటుంది. ఆరు కిలోల్లో నాలుగే తింటుంది. ఆమె ఆ అడ్డగీత మీద ఉంది, ఆమెకు డబ్బిస్తేనే మేలు.

విశ్రాంత_లెక్చరర్:

బాగా చెప్పారు. ఒక చిన్న మాట చేరుస్తాను. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు గీస్తే మొదటి ముక్క అడ్డంగా ఉండేది కాదు, కిలోకి రెండు రూపాయల వాలు ఉండేది. స్కూటర్ అతను ఉన్నా అంతే. అమ్ముకునే వీలుంటే, తినే ప్రతి కిలోకీ 12 రూపాయలు వదులుకున్నట్టే కాబట్టి అడ్డగీత కూడా వాలుతుంది. పరీక్షలో ఇది రాస్తే మార్కులు పడతాయి.

ఇంకోటి. ప్రయోజనాన్ని అంకెల్లో కొలవాలా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అక్కర్లేదు. 1934లో హిక్స్, అలెన్ అనే ఆర్థికవేత్తలు ఆ అవసరం లేకుండా చూపించారు. ఏది ఎక్కువ ఇష్టమో వరస చెప్పగలిగితే ఉదాసీనతా వక్రరేఖలు (సమానంగా ఇష్టమైన కలయికలన్నిటినీ కలిపే గీతలు) గీయొచ్చు.

మండల్_ఆఫీస్_పక్కన:

థియరీ ఓకే గానీ బాబూ, రేషన్ బియ్యం అమ్మడం, కొనడం రెండూ నేరమే. పోస్టులో అలా రాసుకోకు.

నల్గొండ_బీఏ:

అందరికీ థ్యాంక్స్. గల్లాపెట్టె అన్నా, అమ్మను అడిగాను. ఎనిమిది కిలోలు దోసెల పిండికేనట, కోళ్లకు కూడా కొన్ని వేసేదట. 38 లెక్క చెబితే "ఇది తెలుసుకోవడానికి కాలేజీకి పంపాలా?" అంది.

సన్నబియ్యం వచ్చిన దగ్గర్నుంచి ఒక్క కిలో కూడా అమ్మలేదు. నెలకు ఆరు కిలోలే కొంటున్నాం. స్కూటర్ అతను కూడా మా వీధికి రావడం తగ్గించాడు. దోసెల బియ్యం మాత్రం ఇప్పుడు డబ్బు పెట్టి కొనాల్సి వస్తోందని గొణుగుతోంది.