ఆర్ద్ర నక్షత్రం: కంటి అంచనాలు ఇంకా ఎందుకు?

వేగుచుక్క:
ఆర్ద్ర (బీటిల్‌జ్యూస్) వెలుగును కంటితో అంచనా కట్టి ఏఏవీఎస్‌ఓకు (వెలుగు మారే చుక్కల లెక్కలు సేకరించే అమెరికా సంఘం) పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ పద్ధతిలో 0.2, 0.3 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత; అంకె పెరిగేకొద్దీ చుక్క మసక) అటూ ఇటూ కావడం మామూలే. ఆటోమేటిక్ సర్వేలు ఆకాశాన్ని జల్లెడ పడుతుంటే ఈ అంకెలు ఎవరికి కావాలి? ఇది సరదానే తప్ప సైన్స్ కాదు.

రాత్రిబండి:
ఆ జల్లెడలో ఆర్ద్ర పడదు కదా అన్నా! అవి మసక చుక్కల కోసం చేసిన కెమెరాలు. ఇంత వెలుగు పడితే పిక్సెళ్లు నిండిపోయి కొలత చెడిపోతుంది. 2019 డిసెంబర్‌లో ఇది మసకబారుతోందని ప్రకటించిన ఖగోళ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గినాన్ బృందం ఏళ్ల తరబడి చిన్న టెలిస్కోప్‌తో కొలుస్తున్నదే. మామూలుగా 0.5 దగ్గర ఉండేది 2020 ఫిబ్రవరికి 1.6కు పడిపోయింది. ఆర్ద్ర ఉన్న ఓరియన్ రాశిలో రెండో భుజం మీది చుక్క బెల్లాట్రిక్స్‌తో సమానం!

వేగుచుక్క:
వాళ్లు వాడింది వెలుగు కొలిచే పరికరం, ఫోటోమీటర్ తమ్ముడూ; కన్ను కాదు. నా మాటకే సాక్ష్యం చెబుతున్నావు.

పునర్వసు:
ఆ మసకకు ధూళి, ఉపరితలం మీద చల్లబడిన భాగం కారణమని చాలావరకు తేలింది. తేలనిది వెలుగు పెరిగి తగ్గే సుమారు 2100 రోజుల చక్రం. 400 రోజుల చక్రం ఇంకొకటి ఉంది. 400 రోజులదే నక్షత్రం ఉబ్బి తగ్గే అసలు లయ అని ఎక్కువమంది అంటారు. కాదు, పొడవాటిదే అసలు లయ అని 2023లో ఖగోళ శాస్త్రవేత్త హిదేయుకి సాయో బృందం వాదించింది. అదే నిజమైతే వ్యాసం సూర్యుడికి 1300 రెట్లు ఉండాలి, లోపల కార్బన్ మండుతుండాలి, అంటే ఆయువు చివరి దశ, నక్షత్రం పేలుడు ముంచుకొచ్చినట్టే. కొలిచిన సైజు అంత లేదని అవతలివాళ్ల అభ్యంతరం. 2025లో జెమిని నార్త్ టెలిస్కోప్‌తో తోడు నక్షత్రం కనిపించిందన్నారు. 2100 రోజుల చక్రం దాని వల్లే అయితే 400 రోజులదే అసలు లయ, పేలుడుకు లక్ష ఏళ్లు పట్టొచ్చు. నేను ఈ రెండో పక్షమే. అయితే ఒక్క చక్రానికే దాదాపు ఆరేళ్లు. పదిహేను చక్రాలు వరసగా చూడాలంటే కంటి రికార్డు తప్ప దిక్కేముంది?

వేగుచుక్క:
పాత రికార్డు విలువ కాదనను మేడమ్. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం డీఎస్‌ఎల్‌ఆర్ పట్టుకోమనే చెబుతాను.

పునర్వసు:
పట్టుకోమనండి, కానీ రంగు సవరణ కూడా నేర్పండి. లేకపోతే ఇంత ఎర్ర చుక్క దగ్గర కెమెరా లెక్కా తప్పుతుంది. కంటికీ ఆ చిక్కు ఉంది: ఎరుపును తేరిపార చూసేకొద్దీ వెలుగు పెరిగినట్టనిపిస్తుంది. అందుకే ఒక్క చూపు ఆర్ద్ర మీద, పోల్చడానికి ఒక్క చూపు రోహిణి మీద, వెంటనే అంకె రాసేయాలి. పాత వరసకు కొత్త కొలతలు అతికేదాకా రెండూ నడవాల్సిందే.

రాత్రిబండి:
ఆరుద్ర కార్తెలో మాత్రం కన్నూ లేదు, కెమెరా లేదు. సూర్యుడు అటే ఉంటాడు. 2020లో ఆ ఖాళీని సూర్యుణ్ణి గమనించే స్టీరియో అంతరిక్ష నౌక పూడ్చింది.