‘గొట్ మిట్ ఉన్స్’: దేవుడు మనకు తోడా, మాకు తోడా?

ఇత్తడిబిళ్ల: పాత జర్మన్ రాజ్యం ప్రష్యా సైనికుల బెల్టు బిళ్ల పక్కన పెట్టడానికి తెలుగులో వివరణ చీటీ రాయాలి. 1895 నమూనా, నడిమిన కిరీటం, చుట్టూ జర్మన్‌లో ‘గొట్ మిట్ ఉన్స్’ (దేవుడు, తో, మన/మా). బైబిల్లో ‘సైన్యముల కధిపతియగు యెహోవా’ తర్వాత ‘మాకు తోడై’నా, ‘మనకు తోడై’నా? నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

వచనప్రియ: 46వ కీర్తన, ‘మనకు’. మత్తయి 1:23లోనూ ‘దేవుడు మనకు తోడు’ అనే ఉంది. కానీ అది భక్తులు తమలో తాము అనుకునే మాట. బిళ్ల ఉండేది ఎదుటివాడికి కనబడేలా. చదివేవాడు శత్రువైతే ‘మాకు’ అనాల్సిందే.

సూర్యగణం: ఆ అక్షరాలు చదివేంత దగ్గరికొచ్చిన శత్రువు వ్యాకరణం చూస్తాడా! 1631లో జర్మనీలోని బ్రైటెన్‌ఫెల్డ్ యుద్ధంలో స్వీడన్ సేనకు ఇదే రణనినాదం. తమవాళ్ల కోసం వేసిన కేక కనుక ‘మన’. ఛందస్సు మాత్రం తీర్పు చెప్పదు: ‘మనకు’ నగణం (మూడు లఘువులు), ‘మాకు’ హగణం (గురువు, లఘువు), రెండూ సూర్యగణాలే, పద్యంలో ఒకదాని చోట ఒకటి ఇముడుతుంది. ‘క్రీస్తు చరిత్ర’ రాసిన జాషువా చేతికి ఈ మాట చిక్కితేనా...

వ్యాకరణి: జాషువా దగ్గరికి తర్వాత వెళ్దాం. ‘ఉన్స్’లో మన, మా తేడానే లేదు. పేచీ అంతా ‘మిట్’తో. ‘మనతో’ అంటే పక్కన ఉన్నాడు, ‘మనకు తోడు’ అంటే సాయం వచ్చాడు.

సూర్యగణం: ‘మనకు’ చతుర్థీ విభక్తి కదా, సాయం అర్థం అందులోనే ఉంది.

వ్యాకరణి: కొఱకున్, కై చతుర్థి. కిన్, కున్ షష్ఠి.

తోలుపట్టీ: ముందు బిళ్ల అసలుదో కాదో చూశారా? 1895 నమూనాలో ఇత్తడి పలక మీద తెల్లలోహపు పతకం విడిగా అతికి ఉంటుంది. 1915 నుంచి వచ్చినవి ఉక్కువి, మొత్తం ఒకే రేకు, పైన బూడిదాకుపచ్చ రంగు. అచ్చొత్తిన రేకుకు వెనక అక్షరాలు తిరగబడి లోతుగా కనిపిస్తాయి. పోత నకిలీకి వెనక చదును, సన్నటి గుంటలు, ముందు అక్షరాల అంచులు మొద్దు. చింతపండుతో తోమకండి. పులుపు పతకం అతుకులోకి దిగి, కొన్నాళ్లకు పచ్చగా పొంగుతుంది. బెల్టు తోలులోని కొవ్వు ఇత్తడికి తగిలిన చోటా పచ్చటి మైనం కడుతుంది. దాన్ని వెదురు పుల్లతో పొడిగానే గీకాలి, నీళ్లు తగిలితే తోలు గట్టిపడి పగులుతుంది.

వచనప్రియ: నకిలీ అంటే గుర్తొచ్చింది. మరో జర్మన్ రాజ్యం వుర్టెంబర్గ్ బిళ్ల మీది నినాదం చివరి మాటలో ‘యు’ బదులు ‘డబ్ల్యూ’ చూసి, అక్షరదోషమని పక్కన పడేసేవాళ్లున్నారు. అది పాత వర్ణక్రమం, మన అరసున్నలాగే.

ఇత్తడిబిళ్ల: బవేరియా వాళ్ల ‘ఇన్ ట్రొయె ఫెస్ట్’ (విశ్వాసంలో దృఢం)లో సర్వనామమే లేదు, ఆ చీటీ రాసేవాళ్లకు హాయి.

వ్యాకరణి: అరసున్న అన్నారు కాబట్టి, మీ చీటీలో ‘దేవుడు’ అనా, ‘దేవుఁడు’ అనా?

సూర్యగణం: ‘దేవుఁడు’ అంటే ‘మనకుఁ దోడు’ అనీ రాయాలి మరి. అరసున్న ఒకచోట పెట్టి ఇంకోచోట మింగితే కుదరదు.

వచనప్రియ: ‘మాకుఁ దోడు’.