కాలనీ గ్రూపులో కార్టూన్ తీసేయడం సరైనదేనా?

టవర్‌క్లాక్, అనంతపురం:
మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన తాను గీసిన కార్టూన్ పెట్టారు. వేదిక మీద నాయకుడు మాట్లాడుతుంటాడు. ముందు వరసలో అందరి మెడలకూ పట్టీలు, తలలు ఊపీ ఊపీ మెడలు పట్టేశాయన్నమాట. వెనక ఒకాయన లేచి ఏదో అడగబోతే భార్య చెయ్యి పట్టి కూర్చోబెడుతోంది. జెండా లేదు, ఎవరి పోలికా లేదు. కాసేపటికే అడ్మిన్ దాన్ని తీసేసి, ఇకపై అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపు మార్చేశారు. ఏమంటారు?

పెన్నాగట్టు:
అడ్మిన్‌ను తప్పుపట్టలేను. కోల్‌కతాలో జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర 2012లో మమతా బెనర్జీ మీద వచ్చిన కార్టూన్‌ను తన హౌసింగ్ సొసైటీ వాళ్లకు ఈమెయిల్ చేశారు. గీసింది ఆయన కాదు. అయినా అరెస్టు చేశారు. ఆయన మీద పెట్టిన, ఆన్‌లైన్ రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసినా, ఆయనకు కేసు నుంచి విముక్తి దొరికింది 2023లో. ప్రొఫెసర్‌కే అన్నేళ్లు పడితే, ప్రతి చిన్న పనికీ నాయకుల గడప తొక్కే మనలాంటి వాళ్ల గతేంటి?

లాయరక్క:
సభ్యులు పెట్టిన పోస్టుకు, ముందే కూడబలుక్కుని చేస్తే తప్ప, అడ్మిన్ బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు చెప్పింది. 2022లో కేరళ హైకోర్టు కూడా అడ్మిన్ పక్షానే తీర్పిచ్చింది. అడ్మిన్ గారికి ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఆర్ట్స్‌కాలేజీ పాతబ్యాచ్:
పెన్నాగట్టన్నా, మీరు చెప్పిన కేసులో ఫిర్యాదు ఇచ్చారు, పోలీసులు వచ్చారు. ఇక్కడ ఎవరైనా ఫోనైనా చేశారా? అడక్కముందే మనమే తీసేసుకున్నాం. నాకు బాధ అక్కడే. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్‌లో, సెన్సార్ నడుస్తుండగానే కార్టూనిస్టు అబూ అబ్రహాం బొమ్మ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అచ్చయింది. రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చునే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టిచ్చి, ఇంకా ఉంటే కాస్త ఆగమనండి అంటాడు. ఆ రోజుల్లోనే అది బయటికొచ్చింది.

ఇంకో మాట. నేనూ ఆ గ్రూపులో ఉన్నాను, తీసేయకముందే బొమ్మ చూశాను. ఆ భార్య ఒళ్లో ఇంటి స్థలం అర్జీ ఉంది. ఒక చేత్తో అర్జీ నలిగిపోకుండా పట్టుకుని, రెండో చేత్తో మొగుణ్ణి ఆపుతోంది. గీసినాయన ఆమెను వెక్కిరించలేదు. ఎందుకు భయపడుతుందో చూపించాడు. సోమవారం కలెక్టరేట్ దగ్గర అర్జీలతో నిలబడే వాళ్లలో ఆమెలాంటి వాళ్లు ఎంతమందో! వాళ్ల కష్టం కాగితం మీదికొస్తే, దాన్నీ మనం చూడనివ్వలేదు.

పెన్నాగట్టు:
తమ్ముడూ, 1948లో మొదలైన శంకర్స్ వీక్లీ, దేశమంతా పేరున్న కార్టూన్ పత్రిక, అదే 1975లో మూతపడింది. అదీ చెప్పాలి కదా. అబూ ఒక్కడు ధైర్యం చేశాడని అందరూ చేయాలంటే ఎట్లా? భయపడే హక్కు మనుషులకుండాలి.

ఆర్ట్స్‌కాలేజీ పాతబ్యాచ్:
ఉండాలన్నా. భయపడేవాళ్లు షేర్ చేయొద్దు, లైక్ కొట్టొద్దు, గ్రూపులోంచి వెళ్లిపోయినా తప్పులేదు. కానీ శంకర్ మూసింది తన పత్రికను. మన అడ్మిన్ మూసింది నూరు మంది నోరు. గీసినాయన్ని ఒక్క మాటైనా అడగలేదు. గ్రూపు మళ్లీ తెరవమనండి. బొమ్మ ఎందుకు తీశారో గ్రూపులోనే రాయమనండి. గీసినాయన కూడా అందరి ముందే జవాబు చెప్పుకుంటాడు.